గ్రూపులో పెట్టినం గదా!

2021 ఫిబ్రవరిలో ఒకనాడు పొద్దున పదకొండింటికి మా అక్క ఫోన్ చేసింది. అక్కను మానుకోటలో ఇచ్చాం. (మానుకోట అంటే మహబూబాబాదే. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఏముంటే ఏం, మా నోళ్ళలో అది మానుకోటే.) నేను హైదరాబాదులో, ఇంట్లోంచే ఆఫీసు వెలగబెడుతూ, ఏదో మీటింగులో మ్యూట్ పెట్టుకుని కూచున్నాను.

"ఏడిదాంక అచ్చినవ్ రా?" అంది.

ఎక్కడిదాకా రావడమేంటి? నాకర్థం కాలేదు.

"మామ పోయిండు గదరా! రాత్రే గ్రూపుల పెట్టిన్రు. నువ్వు బయలెల్లినవనే అనుకుంటున్నం అందరం."

మామ అంటే మా మేనత్త భర్త. భూపాలపల్లిలో సింగరేణి గనిలో పనిచేసి రిటైరయ్యాడు. నా ఇంజనీరింగు మొదటి ఏడాది ఫీజు ఆయన జీతంలోంచే వెళ్ళింది. ఆయన పోయిన కబురు బంధువులు నలభైమందికి పైగా ఉన్న గ్రూపులో రాత్రే పడింది. ఆ గ్రూపులో లేనిది నేనొక్కణ్ణే. ఎందుకు లేనంటారా? సరిగ్గా నెల కిందట "ఇంత నాసిరకం ఆప్ నేను వాడను, మీరు కూడా మానెయ్యండి" అని పెద్ద ఉపన్యాసం దంచి మరీ బయటికొచ్చాను.

కారు తీశాను. జనగామ, హన్మకొండ, పరకాల దాటుకుంటూ భూపాలపల్లి చేరేసరికి నాలుగైంది. అప్పటికి అంతా అయిపోయింది. చివరిచూపు దక్కలేదు.

తప్పు ఆ ఆప్‌ది కాదు, నాదే. ఆ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను. కానీ ఆ రోజునుంచి ఒక ప్రశ్న నన్ను తొలుస్తూనే ఉంది. నాసిరకమని తెలిసిన వస్తువును వదిలేస్తే మనిషి మామ చావుక్కూడా అందకుండాపోయే రోజు ఎలా వచ్చింది? ఇదేదో రాత్రికి రాత్రి వచ్చిపడింది కాదు. దీని వెనక పెద్ద కథే ఉంది. అందులో నా బోటి సాఫ్ట్‌వేరు వాళ్ళ నిర్వాకం కూడా కొంత ఉంది.

* * *

మొదట పాత సంగతి ఒకటి. తొంభైల మొదట్లో మా తాత జనగామలో పోయాడు. ఫోన్లు లేని రోజులు. నాన్న పోస్టాఫీసుకు వెళ్ళి భూపాలపల్లికి టెలిగ్రాం ఇచ్చాడు. (ఇప్పటి ఆప్ కాదండోయ్, తంతి!) మామ డ్యూటీ దిగి క్వార్టరుకొచ్చేసరికి కాగితం వచ్చి ఉంది. అందులో ఉన్నవి నాలుగే నాలుగు ఇంగ్లీషు ముక్కలు. చీకటి పడేలోపు ఆయన జనగామలో ఉన్నాడు. పాడె మోసిన నలుగురిలో ఆయనొకడు.

జనగామ, మహబూబాబాద్ రెండూ రైలుదారి మీది ఊళ్ళు. నిజాం కాలంలో వేసిన పట్టాలు 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా వచ్చాయి. ఆ రోజుల్లో రైలుపట్టాల పక్కనే టెలిగ్రాఫు తీగ కూడా నడిచేది. భూపాలపల్లికి ఆ భాగ్యం లేదు. అది బొగ్గుతో పెరిగిన ఊరు, ఈనాటికీ బస్సు మీదే వెళ్ళాలి. అయినా తంతి అక్కడికీ చేరింది. ఎందుకంటే జనగామ పోస్టాఫీసు, భూపాలపల్లి పోస్టాఫీసు ఒకే గొలుసులో లింకులు. నువ్వు ఏ ఊళ్ళో కౌంటరు దగ్గర నిలబడ్డా, మరే ఊరికైనా ఇవ్వొచ్చు.

దేశాల మధ్య కూడా అంతే. అది ఊరికే అలా అయిపోలేదు. మొదట్లో యూరపులో ఒక దేశం తీగ సరిహద్దు దగ్గర ఆగిపోయేది. అక్కడ గుమాస్తా కబురును కాగితం మీద రాసుకుని అవతలి దేశం గుమాస్తాకి ఇస్తే, వాడు మళ్ళీ మొదట్నుంచీ కొట్టి పంపేవాడు. ఈ తద్దినం భరించలేక 1865లో ఇరవై దేశాలు పారిస్‌లో కూచుని ఒప్పందం చేసుకున్నాయి. అంతర్జాతీయ టెలిగ్రాఫ్ యూనియన్ అలా పుట్టింది. ఎవరి తీగైనా కావచ్చు, కబురు మాత్రం ఆగకూడదని రాసుకున్నారు.

ఇప్పుడు నేను సిగ్నల్‌లో వచ్చిన ఫొటోను దింపుకుని మళ్ళీ వాట్సాప్‌లో ఎక్కిస్తున్నప్పుడల్లా ఆ సరిహద్దు గుమాస్తా గుర్తొస్తాడు. 1865కి ముందు వాడు చేసిన పని ఇన్నేళ్ళ తర్వాత నేను చేస్తున్నా.

మనదేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ఆగిపోయింది. దానికి ఎవరూ పెద్దగా ఏడవలేదు, నేను కూడా ఏడవలేదు. జేబులో అంతకంటే గొప్పది ఉందనుకున్నాను.

* * *

సరే, మన తరానికొద్దాం. నా మొదటి చాటింగు జనగామలో, గంటకి ఇరవై రూపాయల నెట్ సెంటర్లో, ప్లైవుడ్ అరల మధ్య. అప్పుడు రాజ్యం యాహూ మెసెంజర్‌ది. 1998లో యాహూ పేజర్ అని మొదలై తర్వాత ఆ పేరు తెచ్చుకుంది. చాట్ రూములో కాలు పెట్టగానే వయసెంత, ఆడా మగా, ఏ ఊరు అని అడిగేవాళ్ళు. జనగామ అంటే ఎవడికీ తెలియదని "హైదరాబాద్" అని కొట్టేవాణ్ణి. (మీలో ఎంతమంది ఇదే పని చేశారో నాకు తెలుసులెండి!)

అదే సమయంలో మైక్రోసాఫ్ట్‌వాడి ఎంఎస్ఎన్ ఒకటి, అమెరికాలో ఏఓఎల్‌వాడిది ఒకటి ఉండేవి. యాహూలో ఉన్నవాడు ఎంఎస్ఎన్‌లో ఉన్నవాడితో మాట్లాడలేడు. 1999లో మైక్రోసాఫ్ట్‌వాడు తన మెసెంజర్ నుంచి ఏఓఎల్ వాళ్ళతో మాట్లాడే ఏర్పాటు చేస్తే, ఏఓఎల్‌వాడు దారి మూసేశాడు. వీడు ఇంకో దారి తీశాడు, వాడు మళ్ళీ మూశాడు. కొన్నాళ్ళు అదే పని. చివరికి మైక్రోసాఫ్ట్‌వాడు చేతులెత్తేశాడు. 2001లో ఏఓఎల్, టైమ్ వార్నర్ కలిసేటప్పుడు అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ "ముందుముందు వీడియో వగైరా హంగులతో మెసెంజర్ తెస్తే, దాన్ని మిగతా వాళ్ళవాటితో కలపాలి" అని షరతు పెట్టింది. 2003లో ఆ షరతునూ ఎత్తేసింది.

ఈ గొడవంతా చూసి విసుగెత్తినవాళ్ళు కొందరున్నారు. 1999లోనే జెరెమీ మిల్లర్ అనే ఆయన జాబర్ మొదలుపెట్టాడు. ఆలోచన చాలా సింపుల్. ఈమెయిల్ ఎలా పనిచేస్తుంది? నా అడ్రసు ఒకడి దగ్గర, మీ అడ్రసు ఇంకొకడి దగ్గర ఉన్నా ఉత్తరం పోతుంది కదా. చాటింగు కూడా అలాగే ఎందుకు ఉండకూడదు? ఎవరి సర్వర్ వాళ్ళది, మాట మాత్రం అందరిదీ. దాని నియమాలు ఎక్స్‌ఎంపీపీ పేరుతో 2004లో ఇంటర్నెట్ ప్రమాణాలుగా అచ్చయ్యాయి.

2005 ఆగస్టులో గూగుల్ వాడు ఇదే ప్రమాణం మీద గూగుల్ టాక్ తెచ్చాడు. 2006 జనవరిలో బయటి జాబర్ సర్వర్లకి తలుపులు కూడా తీశాడు. మన ముద్దుల జీటాక్! ఆకుపచ్చ చుక్క, ఎర్ర చుక్క, పేరు కింద స్టేటస్ లైను. ఆ ఒక్క లైనులో ఎన్ని ప్రేమలేఖలు నడిచాయో, మేనేజర్ల మీద ఎన్ని సెటైర్లు పేలాయో! నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పొద్దున కంప్యూటర్ తెరవగానే మొదట వెలిగేది అదే. సొంత సర్వర్ పెట్టుకున్న మా స్నేహితుడొకడు అక్కణ్ణుంచే నా జీటాక్‌కి మాట్లాడేవాడు. అది ఎంత గొప్ప విషయమో అప్పుడు నాకు తట్టలేదు. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చినట్టు, అదంతే అనుకున్నాను.

2013 మేలో గూగుల్ వాడు జీటాక్ స్థానంలో హ్యాంగౌట్స్ తెచ్చాడు. బయటి సర్వర్లతో మాట్లాడే ఏర్పాటు అందులో లేదు. నా స్నేహితుడి పేరు పక్కన చుక్క వెలగడం మానేసింది. నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు. ఒక్క ముక్క కూడా రాయలేదు, ఎవరితోనూ అనలేదు. అప్పటికే నా ఫోన్‌లో వాట్సాప్ ఉంది మరి!

తమాషా ఏంటంటే, ఆ వాట్సాప్ కూడా మొదలైంది ఎర్లాంగ్ భాషలో రాసిన ఈజాబర్డ్ అనే ఉచిత జాబర్ సర్వర్ మీదే. ఎవరైనా వాడుకోవచ్చని ఊరి ఉమ్మడి భూమిలో తవ్విన బావి నీళ్ళతో తోట పెంచి, చుట్టూ గోడ కట్టినట్టుంది సంగతి. చట్టప్రకారం తప్పేమీ లేదు. ఉచిత సాఫ్ట్‌వేర్ అంటేనే ఎవరైనా వాడుకోవచ్చని.

* * *

మరి మా ఊళ్ళల్లో జనం అటే ఎందుకు పోయారు? దానికి జవాబు ఎస్సెమ్మెస్‌లో ఉంది.

ఎస్సెమ్మెస్‌కి గోడలు లేవు. ఏ కంపెనీ సిమ్ నుంచి ఏ కంపెనీ సిమ్‌కైనా పోతుంది. కానీ దాన్ని మనవాళ్ళు పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. సంక్రాంతి, ఉగాది, కొత్త సంవత్సరం వస్తే చాలు, మెసేజ్ ప్యాకులు పనిచేసేవి కావు. ఒక్కోదానికి విడిగా డబ్బులు. పనికిమాలిన ప్రకటనల బెడద ఆపడానికని 2011 సెప్టెంబరులో ట్రాయ్ ఒక సిమ్ నుంచి రోజుకి 100 మెసేజీలే అంది. నవంబరులో దాన్ని 200 చేసింది. 2012 జూలైలో ఢిల్లీ హైకోర్టు మామూలు మనుషుల మెసేజీలకి ఈ పరిమితి చెల్లదంది. ఆ మరుసటి నెలలోనే, ఈశాన్య రాష్ట్రాలవాళ్ళ మీద దాడులు జరుగుతాయన్న పుకార్లు లేచి బెంగుళూరు నుంచి వేలమంది రైళ్ళెక్కితే, కేంద్రం పదిహేను రోజులపాటు ఒకేసారి ఐదుగురికి మించి మెసేజ్ పంపకూడదంది.

పైగా తెలుగు! ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఒక మెసేజ్‌లో 160 పడతాయి. తెలుగులో రాస్తే 70. అందులోనూ మనం ఒక్క అక్షరం అనుకునేది కంప్యూటరు లెక్కలో ఒకటి కాదు. "స్త్రీ" అని రాస్తే ఆరు: మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం. డెబ్భైలో ఆరు అక్కడే పోయాయి. ఇక క్షేమ సమాచారం ఏం రాస్తాం? అందుకే జనం "ఎలా ఉన్నావు"ని కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టడం నేర్చుకున్నారు. ఆ అలవాటు ఇంకా పోలేదు.

సరిగ్గా ఈ సందులోంచి వచ్చింది వాట్సాప్. 2009లో యాహూలో పనిచేసి బయటికొచ్చిన జాన్ కూమ్, బ్రయన్ యాక్టన్ పెట్టారు. ఖాతా తెరవక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఫోన్ నంబరుంటే చాలు. ఖరీదైన ఫోనూ అక్కర్లేదు, నోకియా వాడి మామూలు ఎస్40 ఫోన్లలో కూడా నడిచేది. పండగ రోజు విడిగా డబ్బులు లేవు. 70 అక్షరాల గొడవ లేదు. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1తో తెలుగు అక్షరాలు కూడా తెర మీద డబ్బాలు కాకుండా అక్షరాల్లా కనబడటం మొదలైంది.

అన్నిటికంటే పెద్ద సంగతి 2013లో వచ్చింది. మైకు బొమ్మ నొక్కిపట్టి మాట్లాడితే ఆ మాట అట్లాగే పోతుంది. మా అమ్మకి చదువు రాదు. తంతి, ఉత్తరం, ఈమెయిల్, యాహూ, జీటాక్, ఎస్సెమ్మెస్ వీటిల్లో దేన్లోనూ అమ్మకి చోటు లేదు. మొదటిసారి తనంతట తాను, ఇంకొకళ్ళ చేత రాయించకుండా, చదివించకుండా కబురు పంపింది ఆ మైకు బొమ్మతోనే. మానుకోట చుట్టూ లంబాడీ తండాలెన్నో. వాళ్ళ భాషకి సొంత లిపి లేదు. బొంబాయిలో కూలికి పోయిన కొడుకుతో తండాలో తల్లి తన భాషలోనే మాట్లాడి పంపుతోందంటే దాని పుణ్యమే. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ఖర్చును నేలకి దించింది. 2018 సెప్టెంబరులో బటన్లుండే జియో ఫోన్‌కి కూడా వాట్సాప్ వచ్చింది. ఇహ మిగిలిందెవరు?

ఈ మాటలు కష్టంగానే రాస్తున్నాను. 2021 జనవరిలో నా ఉపన్యాసంలో ఇవేవీ లేవు.

* * *

అయితే ఉపన్యాసంలో చెప్పినవీ అబద్ధాలు కావు. ఇంజనీరుగా చూస్తే అది నాసిరకమే. కొన్ని చెబుతాను.

పంపిన మెసేజ్‌లో అక్షరదోషం దిద్దుకునే వీలు 2023 మేలో వచ్చింది. అంటే పుట్టిన పద్నాలుగేళ్ళకి! టెలిగ్రాం ఆప్‌లో ఆ వీలు 2016 నుంచీ ఉంది. కంప్యూటర్లో వాడాలంటే 2021 దాకా పక్కన ఫోన్ బతికి ఉండాల్సిందే. ఫోన్ చార్జింగ్ అయిపోతే కంప్యూటర్లో ఉన్నదీ గోవిందా. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారితే పాత మాటలు వెంట తెచ్చుకునే దారి 2022 దాకా ఇవ్వలేదు. పెళ్ళి ఫొటో పంపితే పాత వార్తాపత్రికలో ఫొటోలా నలిగి చేరేది.

వీటన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది నంబరు సంగతి. అక్కడ మనిషంటే ఫోన్ నంబరే. జనగామలో ఒక అమ్మాయి కోచింగ్ సెంటర్ గ్రూపులో చేరిందనుకోండి, రెండొందలమంది ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గర ఆమె నంబరున్నట్టే. చాలాకాలం వాడని నంబరును కంపెనీలు ఇంకొకరికి ఇచ్చేస్తాయి. గూటిని చూసి పిట్టను పోల్చుకోవడం లాంటిది ఈ పద్ధతి. గూట్లో పిట్ట మారితే?

2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ వాడు దాన్ని సుమారు 1900 కోట్ల డాలర్లకి కొంటున్నానన్నాడు. అప్పటికి అందులో పనిచేసేది 55 మంది, వాడేది 45 కోట్లమంది. ఆ డబ్బు దేనికిచ్చాడంటారు? ప్రోగ్రాముకైతే కాదు, అలాంటిది రాయగలిగే ఇంజనీర్లు వాడి దగ్గరే బోలెడు. వాడు కొన్నది మా అమ్మనీ, మా అక్కనీ, భూపాలపల్లి మామనీ. మేమంతా ఒక్కచోట ఉన్నాం, ఒకరిని వదిలి ఒకరం కదలలేం అన్న సంగతిని.

న్యాయంగా ఒకటి చెప్పాలి. 2016 ఏప్రిల్ నుంచి ప్రతి మాటనూ పంపినవాడు, అందుకున్నవాడు తప్ప మధ్యలో ఎవరూ చదవలేకుండా తాళం వేశాడు. ఆ పని టెలిగ్రాం ఆప్ మామూలు చాట్లకి చెయ్యలేదు. మంచికి మంచి అనాల్సిందే. కానీ అదే ఏడాది ఆగస్టులో మన ఖాతా వివరాలు ఫేస్‌బుక్‌తో పంచుకుంటానన్నాడు. 2021 జనవరిలో ఇంకాస్త ముందుకెళ్ళి, ఫిబ్రవరి 8 లోపు కొత్త షరతులు ఒప్పుకుంటారా, పోతారా అన్నాడు. గొడవయ్యాక గడువు మే 15కి జరిపాడు. ఈ వ్యవహారానికే కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. "ఒప్పుకో, లేదా పో" అన్నది ఎంపిక అనిపించుకోదని దాని సారాంశం. నేను "పో" అన్నదాన్ని ఎంచుకున్నవాణ్ణి కదా, ఆ వార్త చదివి కాసేపు అలా కూచుండిపోయాను.

నష్టం నా ఒక్కడి చివరిచూపుతో పోతే ఇంత రాసేవాణ్ణి కాదు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫార్వార్డులు ఊళ్ళమీద పడ్డాయి. తెలంగాణలో అమాయకుల్ని కొట్టి చంపారు. గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరా డప్పు కొట్టించి, పాటలు పాడించి ఆ పుకార్లు నమ్మొద్దని చెప్పించాల్సి వచ్చింది. జూలైలో వాట్సాప్‌వాడు మనదేశంలో ఒకేసారి ఐదింటికి మించి ఫార్వార్డు చెయ్యకుండా కట్టడి పెట్టాడు. అంత జరిగినా వదిలినవాళ్ళు ఉన్నారా? లేరు. ఎక్కడికి పోతారు?

ఇప్పుడు బడి కబురు అందులోనే, పంచాయితీ కబురు అందులోనే. 2020లో కరోనాకి బళ్ళు మూతపడితే పాఠం టీవీలో వచ్చింది, హోంవర్కు గ్రూపులో వచ్చింది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 161 సేవల్ని అందులోనే మొదలుపెట్టింది. జనం ఉన్నచోటికి ప్రభుత్వం వెళ్ళడం తప్పనను. కానీ 2021 అక్టోబరు 4 రాత్రి, ఇంకో రెండురోజుల్లో ఎంగిలిపూల బతుకమ్మ అనగా, ఫేస్‌బుక్ వాడి నెట్‌వర్కులో ఒక మార్పు వికటించి వాట్సాప్ ప్రపంచమంతటా ఆరుగంటలు మూగబోయింది. ఒక్క కంపెనీలో ఒక్క పొరపాటు. 1865లో ఆ ఇరవై దేశాలు తప్పించుకోవాలనుకున్న ఒంటిస్తంభం మేడలోకే మనం సామాను సర్దుకుని వెళ్ళాం.

* * *

మరి ఏం చెయ్యాలంటావు అంటారు. "ఇంకో మంచి ఆప్‌కి మారండి" అనే మాట మాత్రం నేనిక అనను. అది అని చూశాను. నా మాట విని సిగ్నల్‌లోకి వచ్చినవాళ్ళు ముగ్గురు. అందులో ఒకడు మా బావమరిది, వాడు మొహమాటానికి వచ్చాడు. మనదేశపు హైక్ 2012లో వచ్చి 2021లో మూతపడింది. 2021లోనే వచ్చిన జోహో వాడి అరట్టై 2025లో ఒక్కసారిగా మారుమోగింది. సంతోషమే. కానీ రేపు అందరం కట్టగట్టుకుని అందులోకి వెళ్ళినా, అదింకో గోడ అవతలి ఇల్లే అవుతుంది. ఎవరిది మంచి ఇల్లు అన్న చర్చలో నేను చాలా ఏళ్ళు పాడుచేసుకున్నాను. ఇళ్ళ మధ్య దారి ఎందుకు లేదని అడగలేదు.

దారి వెయ్యడం సాధ్యం కాదా? మనమే వేశాం. 2011 జనవరిలో దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలొచ్చింది. 2016లో యూపీఐ వచ్చింది. జనగామ బస్టాండు దగ్గర చాయ్ బండి మీద ఒక కంపెనీ కోడ్ అంటించి ఉంటుంది. నేను ఇంకో కంపెనీ ఆప్‌తో స్కాన్ చేస్తాను. డబ్బు మూడో బ్యాంకులో పడుతుంది. చాయ్ చల్లారేలోపు పెట్టెలోంచి "పది రూపాయలు వచ్చాయి" అని తెలుగులో వినబడుతుంది. పది రూపాయలు దాటుతున్న గోడను "మామ పోయిండు" అన్న రెండు మాటలు దాటలేకపోవడానికి సాంకేతిక కారణం ఏమీ లేదు. ఆ పని చేసేవాడిగా చెబుతున్నాను. తాళం చెవులు ఎవరి దగ్గరుండాలి, చెత్త మెసేజీలు ఎలా ఆపాలి వంటి చిక్కులున్నాయి, కష్టమే. డబ్బు విషయంలో అంతకంటే పెద్ద చిక్కులున్నా విప్పుకున్నాం కదా. యూరపువాళ్ళు చట్టం చేసి, 2024 మార్చి నుంచి పెద్ద మెసేజింగ్ కంపెనీ అడిగిన చిన్న కంపెనీకి దారి ఇవ్వాల్సిందే అన్నారు. మనకి అలాంటి చట్టం లేదు. అడిగినవాళ్ళు కూడా పెద్దగా కనబడరు. జీటాక్ తలుపు మూసిననాడు నేను నోరు తెరవలేదు కదా, ఇప్పుడైనా తెరుద్దామనే ఇదంతా.

దశదినకర్మ నాడు మళ్ళీ భూపాలపల్లి వెళ్ళాను. అత్త ఏడ్చి ఏడ్చి ఉంది. నేనేదో సంజాయిషీ మొదలుపెట్టబోతే, "గ్రూపుల పెట్టినం గదా అనుకున్నం బిడ్డా. నువ్వు అండ్ల లేవన్న సంగతే యాదికి రాలే" అంది. నిష్ఠూరంగా కాదు, తప్పు తనదే అన్నట్టు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అక్కడే, ఆ టెంటు కిందే, ఆప్ మళ్ళీ ఎక్కించుకున్నాను. షరతులు అడిగాడు, చదవకుండా ఒప్పుకున్నాను. మా మేనబావ నన్ను గ్రూపులో చేర్చాడు. కొత్తగా చేరినవాడికి పాత మాటలు కనబడలేదు. మామ పోయిన రాత్రి ఎవరేం రాశారో నాకింకా తెలియదు. అడగలేదు కూడా.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. చావు కబురు మాత్రం గ్రూపులో పెట్టి ఊరుకోవద్దు, ఎవరి వంతు వాళ్ళు ఫోన్లు చెయ్యాలి. జనగామవాళ్ళకి నాన్న, మానుకోట వైపు అక్క, భూపాలపల్లి వైపు మేనబావ. కాగితం మీద రాసి అమ్మ దేవుడి గూట్లో పెట్టింది. తనకి చదవడం రాదు, అయినా అక్కడే పెట్టింది.